హేమకుండ్‌కు బయలుదేరే ముందు

చి. శ్రావణికి,

మేనత్త ఆశీర్వదించి వ్రాయునది. ఆగస్టులో స్నేహితులతో ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని హేమకుండ్ సరస్సుకు నడిచి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పగానే మా ఇంటి పిల్లేనని నలుగురికీ చెప్పుకోవాలనిపించింది. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

కొత్త బూట్లయితే ఇక్కడే నెల రోజులు తొడిగి అలవాటు చేసుకో. వానకోటు, ఉన్ని టోపీ, పొడి మేజోళ్లు మరిచిపోకు. కేబీఆర్ పార్కులో చదునుగా నడిస్తే చాలదు, మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగు. మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే కాబట్టి అపార్టుమెంటు మెట్లెక్కి లిఫ్టులో దిగివచ్చే తెలివితేటలు వద్దు.

ఇక అసలు విషయం. సరస్సుకు ఎక్కేముందు రాత్రి బస చేసే ఊరు ఘాంఘరియా సుమారు 3,050 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి సరస్సుకు ఆరు కిలోమీటర్లే గదా అనిపిస్తుంది గాని, ఆ కాస్త దూరంలోనే 1,000 మీటర్లకు పైగా ఎక్కాలి. అంత ఎత్తున గాలిలో ఆక్సిజన్ శాతం మారదు. గాలి ఒత్తిడి తగ్గడం వల్ల ఒక్కొక్క శ్వాసకు మనకు అందేది తగ్గిపోతుంది. 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్న హైదరాబాదు నుంచి హడావుడిగా వెళ్లి అక్కడ నిలబడితే ఒంటికి అలవాటు పడే వ్యవధి ఎక్కడిది?

మేము వెళ్లినప్పుడు జరిగింది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. ఘాంఘరియాలో ఆ రాత్రి మీ మామయ్య రొట్టె తుంచి పక్కన పెట్టేసి, ఆకలి లేదన్నారు. తల పగిలిపోతున్నా, తన వల్ల అందరి ప్రయాణం ఆగిపోతుందన్న మొహమాటంతో నోరు విప్పలేదు. తెల్లవారి గుర్రం ఎక్కమన్నా వినలేదు. సగం దారి దాటాక చూస్తే ఆయన చేతికర్ర రాతి మీద కాక దాని పక్కన ఖాళీలో పడుతోంది. పలకరిస్తే మాట ముద్దగా వచ్చింది, నాలుగు అడుగులు తిన్నగా వేయలేకపోయారు. పై నుంచి దిగి వస్తున్న ఒక పెద్ద సర్దార్జీ అది చూసి, కూర్చోబెడితే తగ్గేది కాదు, ఇప్పుడే కిందికి దించమని మమ్మల్ని కసిరారు. బుట్టలో మనుషులను వీపున మోసే కూలీ ఒకతను దొరకబట్టి ఘాంఘరియాకు, ఆ వెంటనే ఇంకా కిందికి చేర్చగలిగాము. చీకటి పడ్డాక ఆయన తనంతట తాను టీ అడిగితే నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

నీదీ అదే మొహమాటం. చిన్నప్పుడు జ్వరంతో బడికి వెళ్లి కూర్చున్న పిల్లవు నీవు! అందుకే చెబుతున్నాను: తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం మొదలైతే వెంటనే పక్కవాళ్లకు చెప్పి ఎక్కడం ఆపు, తగ్గకపోతే దిగిపో. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలినా ఒక్క నిమిషం ఆలోచించకుండా దిగాలి, ఒంటరిగా మాత్రం కాదు. ఎత్తుకు వేసుకునే మాత్ర ఎవరో ఇచ్చారని మింగకు. ఆ మాత్ర సల్ఫా కోవలోది కావచ్చు, నీకు సల్ఫా మందులు పడవన్న సంగతి మన డాక్టరుగారికి ముందే గుర్తు చేయి.

పైన సరస్సు దగ్గర రాత్రి బస ఉండదు గనుక తెల్లవారుజామునే బయలుదేరండి. అక్కడి గురుద్వారాలో ఇచ్చే వేడి టీ, కిచిడీ వద్దనకు.

మీ పట్టికలో ఘాంఘరియా చేరిన మర్నాడే సరస్సు అని వ్రాసి ఉంది. అది మార్చండి. ఆ రోజు దగ్గర్లోని పూలలోయ చూసి, ఇంకొక రాత్రి అక్కడే పడుకుని, తరువాత ఎక్కండి. తిరుగు టికెట్టు మార్చడానికి అయ్యే డబ్బు నేను పంపుతాను, మీ నాన్నను అడగనక్కరలేదు.

ఇట్లు,
మీ అత్త