పాత జీపుకు ముల్లు మీటర్లా, డిజిటల్ మీటర్లా?

పాత మహీంద్రా జీపును మళ్లీ కొత్తగా కట్టిస్తున్నారు, డాష్‌బోర్డులో ఏ మీటర్లు పెట్టించాలని అడిగారు. టాపు లేని బండి కాబట్టి నా ఓటు ముల్లు మీటర్లకే. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడితే చౌక డిజిటల్ తెర మీద అంకెలు కనిపించవు, చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి.

పైగా ముల్లును చదవక్కర్లేదు, ఎటు వాలిందో ఓరకంట చూస్తే చాలు. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు టెంపరేచర్ ముల్లు రోజూ ఉండే చోటు దాటి పైకి జరిగితే ఇట్టే తెలుస్తుంది. 92, 95, 97 అని అంకెలు మారుతుంటే అది ఎక్కువో కాదో మనమే లెక్కేసుకోవాలి. బ్యాటరీ వోల్టేజీకి మాత్రం అంకే హాయి. ఇంజను నడుస్తుండగా 14 దగ్గర ఉండాలి, 12కి పడిపోయిందంటే ఆల్టర్నేటర్ చార్జ్ చేయడం లేదన్నమాట.

ఏది కొన్నా ఆ మీటరుతో వచ్చిన సెన్సారే బిగించండి. పాత సెన్సారుకు కొత్త మీటరు తగిలిస్తే రెసిస్టెన్స్ లెక్క కుదరదు. నా బండిలో రేడియేటర్ మరుగుతుంటే ముల్లు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది!

పాత స్పీడోమీటర్ గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్‌తో తిరుగుతుంది. దాన్ని తీసి డిజిటల్ పెడితే స్పీడ్ సెన్సారో జీపీఎస్సో కావాలి, ఆ ఖర్చూ కలుపుకోండి. ఇక ఆయిల్ ప్రెషర్‌కు, సన్నగొట్టంలో ఆయిల్‌ను డాష్‌బోర్డు దాకా తెచ్చే రకం వద్దు. గొట్టం పగిలితే వేడి ఆయిల్ కాళ్ల మీదే పడుతుంది.