జర్మనీ ఆఫర్ చేతిలో ఉంది, ఇంట్లో సంబంధం ఖాయం చేస్తామంటున్నారు

ప్రశ్న: నా వయసు 25. బీఎస్సీ నర్సింగ్ చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. నాన్న వ్యవసాయం చేస్తారు, తమ్ముడు ఇంజినీరింగ్ రెండో ఏడాది. డ్యూటీ అయ్యాక క్లాసులకు వెళ్లి జర్మన్ నేర్చుకున్నాను. ఆ భాషలో బీ1 స్థాయి పరీక్ష పాసయ్యాను, దాని పై స్థాయి బీ2 రాయబోతున్నాను. ఒక ఏజెన్సీ ద్వారా అక్కడి ఆసుపత్రికి సెలెక్ట్ అయ్యాను కూడా. ఈలోగా ఖమ్మం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి గవర్నమెంట్ టీచర్, మంచివాడిలాగే ఉన్నాడు. ‘ఇలాంటి సంబంధం మళ్లీ రాదు, జర్మనీ మానెయ్’ అని అమ్మ అంటోంది. ‘నిశ్చితార్థం చేసి పంపిద్దాం, రెండేళ్లకు వచ్చి పెళ్లి చేసుకుంటుంది’ అని నాన్న అంటున్నారు. మూడేళ్లు ఉండి వచ్చేస్తానని నేను చెబుతున్నాను. నా స్నేహితురాళ్లకు పెళ్లిళ్లయి పిల్లలు కూడా పుట్టారు. వెళ్తే ఒంటరిదాన్నయిపోతానేమో, ఆగిపోతే జీవితాంతం బాధపడతానేమో అని రోజూ టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీరు వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. అయితే వేలికి ఉంగరం తొడిగించుకుని మాత్రం వెళ్లొద్దు.

మీ అమ్మగారి మాట మీకు నచ్చకపోవచ్చు కానీ అందులో దాపరికం లేదు. ఇది కావాలి, అది వద్దు అంటున్నారు. మీ నాన్నగారు ఇద్దరినీ నొప్పించకూడదని మధ్యే మార్గం వెతికారు. నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఆ మార్గమే. ఆ అబ్బాయి ఉద్యోగం ఇక్కడి బడిలో ఉంది. దాన్ని జర్మనీకి మోసుకెళ్లలేరు. మీ ఉద్యోగం అక్కడ ఉంటుంది. రెండేళ్ల తర్వాత పెళ్లయితే ఎవరు ఎవరి ఊరికి రావాలి? ఈ ప్రశ్న ఇప్పుడు ఎవరూ అడగడం లేదు, ఎందుకంటే జవాబు అందరికీ తెలుసు. మీరే మానేసి వస్తారని రెండు కుటుంబాలూ మనసులో అనుకుంటున్నాయి. అంటే జర్మనీ ప్రయాణం మొదలుకాకముందే ముగింపు రాసేశారన్నమాట. ఇలా నిశ్చితార్థం చేసుకుని దూరదేశం వెళ్లిన అమ్మాయిలు నాతో చెప్పే బాధ దాదాపు ఒకటే. నైట్ డ్యూటీ దిగి వచ్చి పడుకుందామంటే అటునుంచి వీడియో కాల్. ఎత్తకపోతే అలక. పండక్కి కాబోయే అత్తగారింటికి ఫోన్ చేయడం మరిచిపోతే ఇంట్లో పంచాయితీ. పెళ్లి ఇచ్చే తోడు ఉండదు, పెళ్లి పెట్టే బాధ్యతలు మాత్రం అన్నీ ఉంటాయి.

ఇక మీరు చెబుతున్న ‘మూడేళ్లు’. ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి చెబుతున్నారని అర్థమైంది, కానీ లెక్క వేసి చూడండి. దిగిన రోజునే మిమ్మల్ని పూర్తి స్థాయి నర్సుగా తీసుకోరు. మీ డిగ్రీకి అక్కడి గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి హోదాలో, తక్కువ జీతానికి పని చేయాలి. ఆ గుర్తింపు కోసం కొన్ని నెలల శిక్షణ పూర్తి చేయాలి, లేదా పరీక్ష రాయాలి. ఒక్కోసారి ఇందుకే ఏడాది పైన పడుతుంది. అంటే మీ మూడేళ్లలో నర్సుగా సంపాదించేది రెండేళ్లు కూడా ఉండకపోవచ్చు. పూర్తి నర్సుగా పర్మిట్ వచ్చి మూడేళ్లయితే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే అవకాశం కూడా ఉంది. సరిగ్గా తిరిగి రావాల్సిన సమయానికి ‘ఇంకొక్క ఏడాది ఉంటే’ అనిపిస్తుంది. అలా అనిపించడం తప్పేమీ కాదు. కానీ నిలబెట్టుకోలేని మాట ఇంట్లో ఇవ్వొద్దు. ‘నాలుగైదేళ్లు పట్టొచ్చు, ఆ తర్వాత సంగతి అప్పుడు చూసుకుందాం’ అనే చెప్పండి. ఈ మాటకు వచ్చే గొడవ ఏదో ఇప్పుడే రానివ్వండి.

అక్కడి పని గురించి కూడా ముందే తెలుసుకుని వెళ్లండి. ఇక్కడ ఐసీయూలో మీరు వెంటిలేటర్ చూసుకుంటారు, ఐవీలు పెడతారు. పేషెంటుకు ఒళ్లు తుడవడం, తినిపించడం ఆయాలో, బంధువులో చేస్తారు. జర్మనీలో అవి నర్సు పనులే. పొద్దున్నే ఒకరి తర్వాత ఒకరికి స్నానం చేయించి, బట్టలు మార్చి, కుర్చీలో కూర్చోబెట్టాలి. ‘ఇంత చదివింది ఇందుకా’ అని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. వయసు పైబడిన మనిషిని శుభ్రంగా, గౌరవంగా చూసుకోవడం చిన్న పని కాదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ముందుగా తెలియకపోతే దెబ్బ తగులుతుంది. షిఫ్ట్ మారేటప్పుడు వాళ్లు గబగబా చెప్పే జర్మన్ మీ క్లాసులో విన్నట్టు ఉండదు. పేషెంటు కొడుకు ఫోన్ చేసి ఏదో అడిగితే మొదటి నెలల్లో చెమటలు పడతాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆదివారం దుకాణాలు మూసేస్తారు. ఆ రోజుల్లో తప్పకుండా ఒంటరితనం వస్తుంది. ఒక్కటి మాత్రం గమనించండి. మీ ఉత్తరంలో ఒంటరితనం గురించి రాసిన వాక్యానికి ముందు స్నేహితురాళ్ల పిల్లల గురించి రాశారు. అందరూ ఒక దారిలో పోతుంటే మీరు వెనకబడ్డారేమో అన్న దిగులు అది. ఆ దిగులుతో చేసుకున్న పెళ్లి దాన్ని తీర్చదు.

అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆవిడకు వయసు గురించి దిగులు. పిల్లల విషయంలో వయసుకు సంబంధం ఉందన్నది నిజమే. సాధారణంగా ముప్ఫై దాటాక గర్భం వచ్చే అవకాశం మెల్లగా, ముప్ఫై అయిదు తర్వాత కాస్త వేగంగా తగ్గుతుంది. నర్సుగా ఈ విషయం నాకన్నా మీకే బాగా తెలుసు. మీకిప్పుడు 25. గుర్తింపు వచ్చేసరికి 27 దాటదు. అప్పటినుంచి సంబంధాలు చూడమని అమ్మకు చెప్పొచ్చు. అక్కడే పనిచేస్తున్నవాళ్లలోనో, ఎక్కడికైనా మారగల ఉద్యోగం ఉన్నవాళ్లలోనో చూడమనండి. జర్మనీలో మీరు నర్సుగా స్థిరపడ్డాక, ఇల్లు, ఆదాయం చూపించగలిగితే భర్తను పిలిపించుకోవచ్చు. అలా వచ్చిన జీవిత భాగస్వామికి అక్కడ ఉద్యోగం చేసుకునే హక్కు కూడా ఉంటుంది. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ల భార్యలు, భర్తలు పని అనుమతి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే కథలు వినే ఉంటారు. అవి మీకు వర్తించవు. ఇదంతా అమ్మకు మీరు కూర్చోబెట్టి చెప్పాల్సిందే, ఇంకెవరూ చెప్పరు.

ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. అదే ఊళ్లో ఒక అబ్బాయికి వీసా వచ్చిందంటే సంబంధాలు వెతుక్కుంటూ వస్తాయి. అమ్మాయికి వస్తే వయసు లెక్కపెడతారు. ఇది నాకు చాలా కోపం తెప్పిస్తుంది. మీ తమ్ముడికి ఇలాంటి ఆఫర్ వస్తే మీ ఇంట్లో ఏమనేవారో ఒకసారి నాన్నగారిని మెల్లగా అడగండి. గొడవ కోసం కాదు, ఆయన ఆలోచించడానికి.

నాన్నగారితో డబ్బు సంగతి కూడా తేల్చుకోండి. తమ్ముడి ఫీజులు, పంట అప్పు ఉంటే అదీ, మీ జీతం మీద ఇంట్లో ఏం ఆశలున్నాయో నోరు తెరిచి అడగండి. జర్మనీలో ఒంటరిగా ఉన్నవాళ్ల జీతంలో దాదాపు మూడో వంతు పన్నులకు, బీమాలకు పోతుంది. మిగిలినదాంట్లో అద్దె కట్టాలి. యూరోను రూపాయల్లోకి మార్చి చూసుకుని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు, తర్వాత మీరు పంపింది చాలలేదని నొచ్చుకుంటారు. మొదటి ఏడాది ఇంత మాత్రమే పంపగలను అని ఒక అంకె చెప్పేయండి.

ఏజెన్సీ విషయంలో నాకు కంగారుగా ఉంది, ఎందుకంటే దాని గురించి మీరు ఒక్క వివరం కూడా రాయలేదు. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది, అందులో వాళ్ల పేరు ఉందో లేదో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు మీ దగ్గర సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. లక్షలు అడిగారంటే అక్కడే ఆగండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది, వెళ్లి కనుక్కోవడానికి ఒక్క సెలవు రోజు చాలు. కాంట్రాక్టు మీకు చదివి వినిపిస్తే సరిపోదు, కాపీ మీ చేతిలో ఉండాలి. అందులో మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి కట్టాలి, అది ఎన్నేళ్ల వరకు, గుర్తింపు రాకముందు జీతం ఎంత, వచ్చాక ఎంత, గది ఎవరిస్తారు అన్నవి చూడండి. మీ డిగ్రీలో ఏమేం తక్కువున్నాయో చెబుతూ జర్మనీ అధికారులు ఇచ్చే పత్రం, డెఫిజిట్ బెషైడ్, వచ్చిందో లేదో అడగండి. నిజంగా మిమ్మల్ని పంపే ఏజెన్సీ అయితే ఈ ప్రశ్నలకు తడుముకోదు. కాగితాలు తేడాగా ఉంటే నేను పైన చెప్పిన ‘వెళ్లండి’ వర్తించదు. జర్మనీ మానక్కర్లేదు, ఆ ఏజెన్సీని మానుకోవాలి.

ఒకవేళ ఆ అబ్బాయి మీకు నిజంగా నచ్చి ఉంటే? ‘మంచివాడిలాగే ఉన్నాడు’ అన్న మాటలో నాకు ఇష్టం కనిపించలేదు, కానీ మీ మనసు మీకే తెలియాలి. నచ్చితే పెద్దలు లేకుండా ఒక గంట మాట్లాడండి. ‘నేను నాలుగైదేళ్లు అక్కడ పనిచేయాలనుకుంటున్నాను, అప్పుడు మన సంగతి ఏమిటి?’ అని సూటిగా అడగండి. ‘అది తర్వాత చూద్దాంలే’ అంటే అది జవాబు కాదు. అతనితో ఇక్కడే ఉండిపోవాలని మీకే అనిపిస్తే ఉండండి, అందులో ఓడిపోయిందేమీ లేదు. ఐసీయూ అనుభవం ఉన్న నర్సుకు ఖమ్మంలోనూ పని దొరుకుతుంది. కానీ మంచి సంబంధం మళ్లీ రాదేమో అనే భయం తప్ప వేరే కారణం కనబడకపోతే, అతనికి ఆశ పెట్టకుండా త్వరగా కాదని చెప్పించండి. ‘కొన్నాళ్లు ఆగమనండి’ అని వేలాడదీయడం అతనికీ అన్యాయమే.

ఇవన్నీ ఒకేసారి తలకెత్తుకోవద్దు. ముందు ఏజెన్సీకి ఫోన్ చేసి కాంట్రాక్టు కాపీ తెప్పించుకోండి. అది చేతికొచ్చాక సెలవు చూసుకుని ఊరెళ్లి నాన్నగారితో మాట్లాడండి, అమ్మ కూడా పక్కనే ఉండేటట్టు చూసుకోండి. బీ2 పరీక్ష అయ్యేదాకా ఇంట్లో పెళ్లిచూపులు పెట్టొద్దని ఆ రోజే చెప్పండి.