సంతకం పెట్టాక బైక్ తాళం ఎక్కడుండాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. ఒక ప్రొఫెషనల్ క్లబ్ మూడేళ్ల ఒప్పందం పంపింది. అంతా బాగానే ఉంది కానీ అందులో ఒక షరతు ఉంది. ఒప్పందం నడిచినన్నాళ్లూ మోటార్‌సైకిల్ నడపకూడదట, వెనక కూడా కూర్చోకూడదట. మావాడికి బైకంటే ప్రాణం. టోర్నమెంట్లలో వచ్చిన డబ్బు కూడబెట్టి ఆర్నెల్ల కిందటే కొనుక్కున్నాడు. ‘సంతకం పెట్టేస్తాను, బైక్ మాత్రం మానను, రోజూ వచ్చి ఎవరు చూస్తారు’ అంటున్నాడు. హెల్మెట్ పెట్టుకునే నడుపుతాడు, దూకుడు మనిషి కాదు. ఇలాంటి షరతు న్యాయమేనా? దీని గురించి అడిగితే అవకాశమే చేజారుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. — ఒక తండ్రి

జవాబు: సంతకం పెట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. ఆటగాళ్ల తల్లిదండ్రులు నా దగ్గరికి ఎక్కువగా కాలికి కట్టు పడ్డాకే వస్తారు. అప్పుడు ఒప్పందం కాగితాలు తీసి, డబ్బు ఎంత ఆగిపోతుందో లెక్కవేసుకోవడం తప్ప చేయగలిగింది పెద్దగా ఉండదు.

న్యాయమేనా అంటే, న్యాయమే. మీవాడి మీద అనుమానంతో రాసిన షరతు కాదది. వాడెవరో క్లబ్‌కి తెలియకముందే ఆ కాగితంలో ఉండి ఉంటుంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాళ్లందరికీ ఒకే నమూనా ఒప్పందం ఉంటుంది. క్లబ్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మోటార్‌సైకిల్ గానీ మోపెడ్ గానీ నడపకూడదు, ఎక్కకూడదు అని అందులో ఉంది. విమానంలోంచి పారాచూట్‌తో దూకడం, మంచు మీద స్కీయింగ్, బండరాళ్లెక్కడం, బంగీ జంపింగ్ కూడా ఆ జాబితాలోవే. గోల్ఫ్, ఈత, టెన్నిస్‌కి అభ్యంతరం లేదు. 1999లో ఇంగ్లండ్ క్లబ్ సండర్‌లాండ్, స్వీడన్ ఆటగాడు స్టెఫాన్ ష్వార్జ్‌ని తీసుకుంటూ అంతరిక్షంలోకి వెళ్లకూడదని కూడా రాయించుకుంది. నవ్వొస్తుంది గానీ, డబ్బు పెట్టేవాళ్ల భయం ఎంతదూరం వెళ్తుందో చూడండి. మిగతా ఉద్యోగాల్లో మనిషి పనికి జీతమిస్తారు. ఇక్కడ ఆ పని చేయగలిగే ఒంటికి ముందే కొన్నేళ్ల జీతం రాసిస్తారు.

మీవాడి వయసువాడి కథ ఒకటి చెప్పాలి. జే విలియమ్స్ అని, 2002 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో, రెండో స్థానంలో ఎంపికై షికాగో బుల్స్‌లో చేరాడు. ఒక్క సీజన్, 75 మ్యాచ్‌లు ఆడాడు. 2003 జూన్ 19న షికాగోలో అతని బైక్ వీధి దీపం స్తంభాన్ని గుద్దుకుంది. అప్పటికి వయసు 21. తలకి హెల్మెట్ లేదు, ఆ రాష్ట్రంలో బైక్ లైసెన్సూ లేదు. బైక్ నడపకూడదని ఒప్పందంలో స్పష్టంగా ఉంది. తుంటి దగ్గర ఎముక విరిగింది, ఎడమ మోకాలి లిగమెంట్లు తెగాయి, కాలిలో ముఖ్యమైన నరం తెగింది. మరుసటి ఏడాది క్లబ్ అతన్ని వదులుకుంది. నిబంధన ప్రకారం పైసా ఇవ్వక్కర్లేకపోయినా 30 లక్షల డాలర్లు ఇచ్చి పంపింది. 2006లో మరో జట్టుతో ప్రయత్నించాడు, సీజన్ మొదలయ్యేలోపే బయటికొచ్చేశాడు. ఎన్‌బీఏలో మళ్లీ ఒక్క అసలు మ్యాచ్ ఆడలేదు. తర్వాత టీవీలో బాస్కెట్‌బాల్ విశ్లేషకుడిగా మంచి పేరు తెచ్చుకున్నాడు, అది వేరే సంగతి.

ఈ కథలో అందరూ హెల్మెట్ దగ్గర ఆగిపోతారు. నేను నరం దగ్గర ఆగుతాను. తెగిన నరం కుట్టాక అది మళ్లీ పెరిగేది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. మోకాలి నుంచి పాదం దాకా పాకాలంటే ఏడాది పైనే. ఈలోపు ఆ నరం ఆడించాల్సిన కండ పని లేక చిక్కిపోతూ ఉంటుంది. అడుగేస్తే పాదం పైకి లేవదు, వేళ్లు నేలకి రాసుకుంటాయి. బ్యాంకులో పనిచేసే మనిషికి ఇదే జరిగితే పాదానికి పట్టీ కట్టుకుని ఏడాదిలోపే కౌంటర్ దగ్గర కూర్చుంటాడు. జీవితం కుంటినడక నడుస్తుంది కానీ ఆగిపోదు. ఆటగాడికి అక్కడితో ఆట అయిపోతుంది. గాయం ఒకటే, పోయేది వేరు. మీవాడు బైక్ ప్రమాదాన్ని తన స్నేహితుల లెక్కలో చూస్తున్నాడు. వాళ్ల లెక్క వాడికి చెల్లదు.

హెల్మెట్ పెట్టుకుంటాడని రాశారు. సంతోషం. హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయని చాలా అధ్యయనాలను కలిపి తేల్చిన లెక్క ఉంది. అంటే ప్రాణానికి అది పెద్ద అండ. కానీ గోల్‌కీపర్ ఉద్యోగం తలలో ఒక్కదానిలోనే లేదు, చేతుల్లోనూ మోకాళ్లలోనూ భుజాల్లోనూ ఉంది. వాటికి హెల్మెట్ లేదు.

మణికట్టు సంగతే తీసుకోండి. బొటనవేలికి దిగువన, మణికట్టులో జీడిపప్పు ఆకారంలో చిన్న ఎముక ఒకటి ఉంటుంది, స్కాఫాయిడ్ అంటారు. ఎవరు పడుతున్నా చేయి ముందుకు చాచి నేలకి ఆనిస్తారు, అది మన చేతిలో లేని పని. ఆ బరువంతా వెళ్లి ఆ ఎముక మీద పడుతుంది. దానికి రక్తం వేళ్ల వైపు చివర నుంచి లోపలికి వెనక్కి ప్రవహిస్తుంది. మధ్యలో విరిగితే వెనక ముక్కకి రక్తం అందదు, అందుకే అతుక్కోవడానికి నెలలు పడుతుంది. మొదటి ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవడం కూడా మామూలే. ‘బెణికిందంతే’ అనుకుని ఆడేస్తారు. ఇది జరగడానికి హైవే మీద వంద స్పీడులో పోవక్కర్లేదు, మలుపులో ఇసుక మీద టైరు జారితే చాలు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కెలెన్ విన్‌స్లో జూనియర్ 2005లో పడింది రోడ్డు మీద కూడా కాదు, ఒక పార్కింగ్ స్థలంలో. మోకాలి లిగమెంటు తెగి ఆ సీజన్ మొత్తం పోయింది.

దూకుడు మనిషి కాదన్నది కూడా నేను నమ్ముతాను. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బెన్ రాత్లిస్‌బర్గర్ 2006 ఫిబ్రవరిలో 23 ఏళ్లకే ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు, అంత చిన్న వయసులో గెలిచిన క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) అంతకుముందు ఎవరూ లేరు. అదే ఏడాది జూన్‌లో ఎదురుగా వస్తున్న కారు అతని బైక్‌కి అడ్డంగా మలుపు తిరిగింది. దవడ, ముఖం ఎముకలు విరిగి ఏడు గంటల సర్జరీ అయింది. హెల్మెట్ పెట్టుకోకపోవడం అతని తప్పే, కానీ గుద్దుకోవడంలో తప్పు కారు నడిపినావిడది. అతను కోలుకున్నాడు, తర్వాత ఇంకో సూపర్ బౌల్ గెలిచాడు కూడా. అదృష్టం. తప్పెవరిదో పోలీసులకి, ఇన్సూరెన్స్ కంపెనీకి కావాలి, విరిగిన ఎముకకి అక్కర్లేదు.

మరి కారులో ప్రమాదాలు జరగవా అని మీవాడు అడుగుతాడు, అడగాలి కూడా. జరుగుతాయి. కానీ అమెరికా రోడ్డు భద్రతా సంస్థ లెక్కల్లో, ప్రయాణించిన దూరాన్ని బట్టి చూస్తే, కారులో ఉన్నవాళ్ల కంటే బైక్ మీద ఉన్నవాళ్లు 20 రెట్లకు పైగా ఎక్కువ చనిపోతున్నారు. కారుకి బంపర్ ఉంటుంది. బైక్‌కి మన మోకాలే బంపర్. సున్నా ప్రమాదం మాత్రం ఎక్కడా లేదని ఒప్పుకుంటాను. 2006 మోటోజీపీ ప్రపంచ చాంపియన్ నికీ హేడెన్ ఏళ్లతరబడి బైకులు రేసుల్లో నడిపాడు. 2017లో ఇటలీలో సైకిల్ మీద ప్రాక్టీస్ చేస్తుండగా కారు గుద్ది చనిపోయాడు. రేసు ట్రాక్ మీద ఎదురుగా ఎవరూ రారు, రోడ్డు మీద వస్తారు.

ఇక ‘ఎవరు చూస్తారు’ అన్న మాట. మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. బైక్ నడపడం కంటే నడిపి దాచడం పెద్ద నష్టం. బేస్‌బాల్ ఆటగాడు ఫెర్నాండో టాటిస్ జూనియర్ 2021లో శాన్ డియాగో పాడ్రెస్‌తో 14 ఏళ్లకి 34 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆ శీతాకాలం సెలవుల్లో డొమినికన్ రిపబ్లిక్‌లో బైక్ మీద నుంచి పడ్డాడు. అప్పుడు లీగ్‌లో లాకౌట్ నడుస్తోంది, క్లబ్బులు ఆటగాళ్లతో మాట్లాడటానికి లేదు. మార్చిలో శిక్షణకి వచ్చి బ్యాట్ ఊపడం మొదలుపెట్టాక గానీ మణికట్టు విరిగిందని తేలలేదు. విరిగింది ఇందాక చెప్పిన స్కాఫాయిడే. ప్రమాదం ఎప్పుడు జరిగిందని విలేకరులు అడిగితే, ఏ ప్రమాదం గురించి అని ఎదురడిగాడు! మార్చిలో సర్జరీ, అక్టోబర్‌లో మళ్లీ అదే మణికట్టుకి ఇంకో సర్జరీ. 2022లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆగస్టులో పడ్డ డోపింగ్ నిషేధం కూడా దానికి తోడైంది, అదింకో తలనొప్పి. అంత పెద్ద స్టార్ కాబట్టి క్లబ్ భరించింది. తొలి ఒప్పందంలో ఉన్న 19 ఏళ్ల కుర్రాణ్ని ఎందుకు భరిస్తుంది?

డబ్బు విషయంలో అట్లాంటా బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాడు రాన్ గాంట్ కథ చెప్తే మీవాడికి ఇంకా తొందరగా ఎక్కుతుందేమో. 1994లో 55 లక్షల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టిన కొద్ది రోజులకే డర్ట్ బైక్ మీద కాలు విరగ్గొట్టుకున్నాడు. క్లబ్ దాదాపు 9 లక్షల డాలర్లు చేతిలో పెట్టి సాగనంపింది.

సరే, ఇప్పుడేం చేయాలి? క్లబ్‌తో మాట్లాడండి. షరతుకి అర్థం అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న క్లబ్‌ని నేను చూడలేదు. అలా తీసుకునే క్లబ్ అయితే, మూడేళ్లు అక్కడ ఉండకపోవడమే మేలు. మీవాణ్నే మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. ‘మావాడు బైక్ నడుపుతాడు, పర్వాలేదా’ అని మాత్రం మొదలుపెట్టొద్దు. షరతులో ఎలక్ట్రిక్ స్కూటర్ వస్తుందా అని అడగండి. సీజన్ లేని నెలల్లో కూడా వర్తిస్తుందా, ఉల్లంఘిస్తే జీతం ఆగుతుందా లేక ఒప్పందమే రద్దవుతుందా, వైద్యం ఖర్చు ఎవరిది, క్లబ్ చేయించే ఇన్సూరెన్స్ పాలసీలో ఏవి మినహాయించారు, ఇవన్నీ అడగండి. చివరిది మర్చిపోవద్దు. చాలా పాలసీల్లో మోటార్‌సైకిల్ ప్రమాదం మినహాయింపుల్లోనే ఉంటుంది. పాలసీ కాపీ చూపించమనడం తప్పేమీ కాదు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది, సిగ్గుపడి చాలామంది అడగరు. ప్రాక్టీస్‌కి ఎలా రావాలి? కొత్త ఆటగాళ్లకి జీతాలు తక్కువ, కారు ఉండదు, గ్రౌండ్ ఊరవతల ఉంటుంది. బైక్ వద్దని కాగితం మీద రాసి, పొద్దున్నే ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉండమంటే కుర్రాడు ఏం చేస్తాడు? స్నేహితుడి బండి వెనక ఎక్కుతాడు. అదీ ఉల్లంఘనే. వ్యాన్ పంపుతారా, ప్రయాణ ఖర్చు ఇస్తారా అన్నది ఒప్పందంలోనే రాయించుకోండి. షరతు మీద బేరమాడటం కంటే దీని మీద బేరమాడటం తేలిక, క్లబ్ కాదనడానికి కారణం కూడా ఉండదు.

షరతునే సడలించమని అడగొచ్చా అంటే, అడగొచ్చు. మైకేల్ జోర్డాన్ తన ఒప్పందంలో, ఎప్పుడైనా ఎక్కడైనా సరదాగా బాస్కెట్‌బాల్ ఆడుకునే హక్కు రాయించుకున్నాడు, అది మిగతావాళ్లకి ఉండేది కాదు. కానీ అతను జోర్డాన్. మీవాడు ఇంకా మొదటి మ్యాచ్ ఆడలేదు. నా అంచనా, ఇప్పుడు అడిగితే కాదంటారు. రెండో ఒప్పందంలో అడిగి చూడమనండి. అప్పటికి కోరిక ఎంత మిగిలి ఉంటుందో కూడా చూద్దాం.

బైక్ అమ్మేయమని మాత్రం మీరు పట్టుబట్టకండి. సొంత సంపాదనతో కొన్న మొదటి వస్తువు అది. మీరు అమ్మిస్తే వాడు మనసులో దాన్నే నడుపుతూ ఉంటాడు. అమ్మాలా, కవర్ కప్పి మూడేళ్లు ఉంచాలా అన్నది వాడే తేల్చుకోనివ్వండి. ఉంచితే తాళం ఇంట్లో ఉండకుండా చూడండి. ఎప్పుడైనా మాట తప్పి నడిపి పడితే, అదే రోజు జట్టు డాక్టర్‌కి చెప్పాలని ఇప్పుడే మాట తీసుకోండి. జరిమానా పడితే పడనీ. మూడు నెలలు దాచిన పగులు కంటే అది చవక.

ఇవన్నీ విన్నాక కూడా ‘బైక్ లేకుండా బతకలేను’ అంటే, కోప్పడకుండా ఒక్కటి అడగండి. ఫుట్‌బాల్ కావాలా, బైక్ రేసింగ్ కావాలా? రెండోది కూడా వృత్తే. దానికి వేరే శిక్షణ, వేరే లైసెన్స్, ఒంటినిండా సూటు, ట్రాక్ పక్కనే డాక్టర్లు ఉంటారు. అందులోనూ ఎముకలు విరుగుతాయి, అయితే అక్కడ అది ఉద్యోగంలో భాగం. రెండు పడవల మీద కాళ్లు పెట్టే వీలు మాత్రం ఈ ఒప్పందంలో లేదు.

వాడితో మాట్లాడేటప్పుడు ఒక మ్యాచ్ గుర్తు చేయండి. 2007 ప్రపంచకప్‌లో మార్చి 17న ఇండియా బంగ్లాదేశ్ చేతిలో ఓడింది. మన ఇళ్లలో టీవీలు కట్టేసిన రోజది. ఆ ముందు రోజే బంగ్లాదేశ్‌లో, ఖుల్నా దగ్గర, వాళ్ల స్పిన్నర్ మంజురుల్ ఇస్లాం రాణా బైక్ ప్రమాదంలో చనిపోయాడు. వయసు 22, అప్పటికే 6 టెస్టులు, 25 వన్డేలు ఆడినవాడు. ఆ కబురు తెలిసే వాళ్ల జట్టు గ్రౌండ్‌లోకి దిగింది. అతని స్నేహితుడు మష్రఫే మొర్తాజా నాలుగు వికెట్లు తీశాడు. మనం ఆ స్కోరే గుర్తుపెట్టుకున్నాం.

మీవాణ్ని ఒకసారి నా దగ్గరికి పంపండి. ఒప్పందం కాపీ, ఇన్సూరెన్స్ కాగితం తెమ్మనండి, మీరు రానక్కర్లేదు. ఇంకా సంతకం కాలేదు కాబట్టి బైక్ మీదే వచ్చినా నేనేమీ అనను. హెల్మెట్ పట్టీ మాత్రం బిగించుకుని రమ్మనండి.