కేసులన్నీ రాసినా 44 మార్కులే ఎందుకొచ్చాయి?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంటర్ ఎంఈసీలో 960 వచ్చాయి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో మూడేళ్ల ఎల్ఎల్‌బీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కాంట్రాక్ట్ లా పరీక్షలో ప్రాబ్లమ్ ప్రశ్నకు ఇరవైకి పైగా కేసులు రాశాను, 44 వచ్చాయి. 'అప్లికేషన్ లేదు' అని ఒక్క ముక్క రాసి ఇచ్చారు. నాకంటే తక్కువ చదివిన ఫ్రెండ్‌కు 65 వచ్చాయి. నాన్న వెనక్కి వచ్చేసి లాసెట్ రాయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 44 సంగతి చూద్దాం, నీ ఉత్తరంలో సగం టెన్షన్ అక్కడే ఉంది. అక్కడి మార్కుల లెక్క మన ఇంటర్ లెక్క కాదమ్మా. 40 వస్తే పాస్. 50 దాటితే సెకండ్ క్లాస్‌లో కింది మెట్టు, 60 దాటితే పై మెట్టు, దాన్నే అక్కడ టూ వన్ అంటారు, 70 వస్తే ఫస్ట్ క్లాస్. 960 తెచ్చుకున్న పిల్లకు 44 అన్న అంకె చూస్తే గుండె జారిపోతుంది, కాదనను, కానీ నువ్వు ఫెయిల్ కాలేదు. చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది పాసైతే చాలు, ఆ మార్కులు చివరి క్లాసులో కలవవు. మీ దగ్గర రూల్ ఎలా ఉందో హ్యాండ్‌బుక్‌లో ఈరోజే చూసుకో. అలాగని వదిలేయమని కాదు, పెద్ద లా ఫర్మ్‌ల వెకేషన్ స్కీములకు, అంటే సెలవుల్లో అక్కడ పని నేర్చుకునే అవకాశాలకు, అప్లై చేసేటప్పుడు మొదటి ఏడాది మార్కులు కూడా అడుగుతారు.

ఇక అసలు విషయం. నీ పేపర్ నేను చూడలేదు, అయినా అది ఎలా మొదలై ఉంటుందో ఊహించగలను. ఆఫర్ అంటే ఏమిటి, దాని లక్షణాలు, రకాలు, ఆ తర్వాత 1893 నాటి కార్బాలిక్ స్మోక్ బాల్ కేసు మొత్తం, ఆ మందు వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామన్న ప్రకటన, బ్యాంకులో వేశామన్న 1,000 పౌండ్లు, అన్నీ. అడిగిన ప్రశ్నలో అసలు ప్రకటనే లేకపోయినా సరే. ఎందుకంటే మనకు చిన్నప్పటి నుంచి నేర్పింది అదే, వచ్చిందంతా రాయి, సైడ్ హెడింగ్ పెట్టు, గీత గియ్యి, పాయింటుకో మార్కు వస్తుంది. నేను లా చదివిన మొదటి ఏడాది నేనూ అలాగే రాశాను, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పేవాళ్లు లేక ఏడాది పోయింది. నీకు ఆ ఏడాది పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రాబ్లమ్ ప్రశ్న చివర ఏముంటుంది? 'మీరాకు సలహా ఇవ్వండి' అని ఉంటుంది. అంటే ఒక మనిషి నీ ఎదురుగా కూర్చుని, నాకు ఆ కారు వస్తుందా రాదా, డబ్బులు వస్తాయా రావా అని అడుగుతోంది. ఆమెకు కాంట్రాక్ట్ నిర్వచనం అక్కర్లేదు. తాను పెట్టిన ఈమెయిల్ కొంప ముంచిందా లేదా అన్నది కావాలి. పరీక్ష పెట్టినవాళ్లు నీ జ్ఞాపకశక్తిని కొలవడం లేదు, వాళ్లు ఇచ్చిన కథను నువ్వు ఎంత శ్రద్ధగా చదివావో కొలుస్తున్నారు. ఆ కథలో ఉట్టినే పెట్టిన మాట దాదాపు ఉండదు. రోజు, అంకె, ఉత్తరమా ఈమెయిలా, ఎవరు చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు, అన్నీ కావాలని పెట్టినవే.

చెప్తే అర్థం కాదు, ఒకటి చేసి చూద్దాం. ప్రశ్న నేనే తయారు చేశాను. సోమవారం హ్యారీ తన కారు 5,000 పౌండ్లకు అమ్ముతానని మీరాకు ఉత్తరం రాస్తాడు, శుక్రవారం దాకా నీ కోసం ఉంచుతానంటాడు. మంగళవారం ఉత్తరం అందగానే మీరా 'రెండు వాయిదాల్లో కట్టొచ్చా?' అని ఈమెయిల్ పెడుతుంది. హ్యారీ జవాబివ్వడు. బుధవారం కారును టామ్‌కు అమ్మేస్తాడు. ఆ సాయంత్రం మీరాతో పక్కింటావిడ 'హ్యారీ కారు ఎవరో కొనుక్కెళ్లినట్టున్నారు' అంటుంది. గురువారం పొద్దున మీరా, 5,000కు ఒప్పుకుంటున్నానని ఉత్తరం పోస్ట్ చేస్తుంది. అది హ్యారీకి శనివారం చేరుతుంది. మీరాకు సలహా ఇవ్వండి.

హ్యారీ ఉత్తరం ఆఫరేనా? అవును, వస్తువు తెలుసు, ధర తెలుసు, ఎవరికి రాశాడో తెలుసు. ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపో. గొడవ లేని చోట పేజీలు రాస్తే టైమ్ చాలదు. శుక్రవారం దాకా ఉంచుతానన్న మాట కూడా అంతే. దానికి మీరా ఏమీ ఇవ్వలేదు కాబట్టి హ్యారీ ముందే వెనక్కి తీసుకోవచ్చు, 1828లో రౌట్‌లెడ్జ్ వర్సెస్ గ్రాంట్‌లో తేలిన విషయం. రెండు వాక్యాలు చాలు.

మంగళవారం ఈమెయిల్ దగ్గర ఆగాలి. అది కౌంటర్ ఆఫర్, అంటే షరతులు మార్చి తిరిగి పెట్టిన ఆఫర్ అయితే హ్యారీ ఆఫర్ అక్కడితో చచ్చిపోయినట్టే. 1840 నాటి హైడ్ వర్సెస్ రెంచ్‌లో 1,000 పౌండ్ల పొలానికి 950 ఇస్తానన్నవాడు తర్వాత సరే 1,000కే ఇవ్వు అంటే కుదరలేదు. కానీ వివరం కనుక్కోవడం మాత్రమే అయితే ఆఫర్ బతికే ఉంటుంది, 1880లో స్టీవెన్‌సన్ వర్సెస్ మెక్‌లీన్. నువ్వు ఈ రెండు కేసులూ రాసి ఊరుకుని ఉంటావు. అదే 'అప్లికేషన్ లేదు' అంటే. రాయాల్సింది ఇలా ఉండాలి: మీరా ధర తగ్గించమనలేదు, వాయిదాలకు ఒప్పుకుంటేనే కొంటాననీ అనలేదు, 'కట్టొచ్చా' అని అడిగింది. స్టీవెన్‌సన్ కేసులో ఇనుము కొనేవాళ్లు టెలిగ్రామ్‌లో అడిగింది కూడా గడువు కుదురుతుందా అనే, కాబట్టి మీరా పరిస్థితి దానికే దగ్గర. అయితే హ్యారీ వైపు లాయర్, వాయిదాలంటే షరతులే మారిపోయినట్టు అని వాదిస్తాడు, ఆ వాదన బలహీనం, ఎందుకంటే అడగడానికీ పట్టుబట్టడానికీ తేడా ఉంది. చూశావా, ఇందులో కేసుల కథ ఒక ముక్కే ఉంది, మిగతాదంతా మీరా రాసిన మాటల మీదే.

బుధవారం ఇంకా ముఖ్యం. కారు వేరేవాళ్లకు అమ్మినంత మాత్రాన ఆఫర్ రద్దు కాదు, రద్దు సంగతి అవతలి మనిషికి చేరాలి, 1880లోనే బర్న్ వర్సెస్ వాన్ టీన్‌హోవెన్. అయితే హ్యారీయే చెప్పాలని లేదు. 1876లో డికిన్‌సన్ వర్సెస్ డాడ్స్‌లో కొనేవాడికి ఆ కబురు వేరే మనిషి ద్వారా తెలిసింది, అది చాలన్నారు. మరి ఇక్కడ పక్కింటావిడ? ఆమె నమ్మదగ్గ మనిషేనా, స్వయంగా చూసిందా, ఎవరో అంటే విందా? 'కొనుక్కెళ్లినట్టున్నారు' అంటోంది, 'కొన్నారు' అనడం లేదు. ఆ క్రియాపదాన్ని ప్రశ్నలో ఊరికే పెట్టలేదు, మార్కులున్నది ఇక్కడే. ఆవిడ కళ్లారా చూసి చెప్పిందైతే ఆఫర్ బుధవారమే పోయింది, మీరా ఉత్తరానికి విలువ లేదు. వీధి కబురే అయితే ఆఫర్ గురువారం దాకా ఉంది. ప్రశ్నలో ఆ వివరం లేదు కాబట్టి రెండూ రాయి, ఏది ఎక్కువ నమ్మకంగా ఉందో నీ అభిప్రాయం చెప్పు. మనవాళ్లు ఇక్కడ భయపడతారు, ఒకే కరెక్ట్ ఆన్సర్ ఉంటుందేమో, తప్పు రాస్తే పోతుందేమో అని. ఇది మ్యాథ్స్ కాదు. తేలని చోట 'ఇలా అయితే ఇది, అలా అయితే అది' అని కారణాలతో రాస్తేనే మార్కులు.

గురువారం పోస్ట్, శనివారం చేరిక. శుక్రవారం గడువు దాటిపోయిందని హడావిడిగా తేల్చేశావంటే వలలో పడ్డట్టే. 1818 నాటి ఆడమ్స్ వర్సెస్ లిండ్‌సెల్ నుంచి ఇంగ్లండ్‌లో పోస్ట్ చేసిన క్షణానే ఒప్పుకోలు పూర్తవుతుంది, పోస్ట్ వాడటం సబబైన చోట. హ్యారీ రాసిందే ఉత్తరం కాబట్టి ఇక్కడ సబబే. నాకు స్వయంగా తెలియజేయాలి అన్న షరతు పెట్టి ఉంటే 1974 నాటి హోల్‌వెల్ కేసు అడ్డొచ్చేది, అతను అలా పెట్టలేదు. చివరగా తీర్పు కాదు, సలహా: పక్కింటావిడ మాట నమ్మదగ్గది కాదంటే గురువారం కాంట్రాక్ట్ కుదిరింది, కానీ కారు ఇప్పుడు టామ్‌ది, మీరా హ్యారీ నుంచి నష్టపరిహారం అడగాలి. ఈ చివరి మాట చాలామంది రాయరు. కాంట్రాక్ట్ ఉంది అని చెప్పి ఆపేస్తారు. మరి మీరాకు దక్కేదేంటి?

మీ లెక్చరర్లు ఐరాక్ అని చెప్పే ఉంటారు, సమస్య, రూలు, అన్వయం, ముగింపు. పైన చేసింది అదే, కాకపోతే జవాబు మొత్తానికి ఒక్కసారి కాదు, ప్రతి చిన్న సమస్యకూ విడివిడిగా. అన్ని రూల్సూ ముందు కుమ్మరించి చివర్లో రెండు వాక్యాలు మీరా గురించి రాస్తే అది ఐరాక్ కాదు. ఇంకో చిన్న విషయం, 'ఇట్ ఈజ్ ఎ వెల్ సెటిల్డ్ ప్రిన్సిపుల్ ఆఫ్ లా' లాంటి బరువు వాక్యాలు మానెయ్యి. మన దగ్గర మూట్ కోర్టుల్లో, అంటే విద్యార్థుల ఉత్తుత్తి కోర్టు వాదనల్లో, అలవాటు, అక్కడి పరీక్షలో టైమ్ తినడం తప్ప ఉపయోగం లేదు.

నువ్వు గుంటూరు నుంచి వెళ్లావు కాబట్టి ఒక ప్రత్యేక ప్రమాదం చెప్పాలి. తెలుగులో, ఇంగ్లిష్‌లో ఆన్‌లైన్‌లో దొరికే కాంట్రాక్ట్ పాఠాల్లో చాలావరకు మన 1872 చట్టం మీదే ఉంటాయి. అది ఇంగ్లిష్ లా నుంచి పుట్టిందే, కానీ అచ్చు అది కాదు. మన సెక్షన్ 4 ప్రకారం ఒప్పుకోలు ఉత్తరం పోస్ట్ చేస్తే ఆఫర్ ఇచ్చినవాణ్ణి కట్టేస్తుంది, పోస్ట్ చేసినవాణ్ణి మాత్రం అది అవతల తెలిసేదాకా కట్టెయ్యదు, ఈలోగా వెనక్కి తీసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ఈ రెండు అంచెలు లేవు. కన్సిడరేషన్, అంటే ఇచ్చిన మాటకు బదులుగా దక్కేది, మన దగ్గర వేరే మనిషి ఇచ్చినా చెల్లుతుంది, మన మద్రాసు హైకోర్టు చిన్నయ్య వర్సెస్ రామయ్య కేసు దానికే ప్రసిద్ధి. ఇంగ్లండ్‌లో మాట పొందినవాడే ఇవ్వాలి, 1861 నాటి ట్వెడిల్ వర్సెస్ అట్కిన్‌సన్. అప్పులో కొంత తీసుకుని మిగతాది వదిలేస్తానంటే మన సెక్షన్ 63 సరే అంటుంది, అక్కడ 1884 నాటి ఫోక్స్ వర్సెస్ బీర్ మామూలుగా ఒప్పుకోదు. ఈ మూడూ కలిపేసి రాస్తే, పరీక్షకుడికి నువ్వు ఏ దేశపు చట్టం రాస్తున్నావో కూడా అర్థం కాదు.

సీనియర్లు ఇచ్చే నోట్స్ కూడా తేదీ చూసి వాడు. నెగ్లిజెన్స్ (అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం) ప్రశ్న కనిపించగానే 1990 నాటి కపారో కేసులోని మూడు మెట్ల పరీక్ష రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, 2018లో రాబిన్‌సన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అది ప్రతి కేసుకూ వాడేది కాదని స్పష్టంగా చెప్పింది. క్రిమినల్‌లో మోసపు బుద్ధికి 1982 నాటి ఘోష్ కేసు రాస్తే పాతబడినట్టే, 2017లో ఐవీ కేసు వచ్చింది. వస్తువు బాగాలేదన్న ప్రశ్నలో కొన్నది మామూలు వినియోగదారుడా, వ్యాపారా అని ముందు చూడు. వినియోగదారుడు వ్యాపారి దగ్గర కొంటే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం, మామూలుగా 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేసే హక్కు ఉంటుంది, అందుకే కొన్న తేదీ ప్రశ్నలో ఇస్తారు.

ప్రాక్టీస్ గురించి ఎక్కువ చెప్పను. వారానికి ఒక పాత ప్రశ్న, 45 నిమిషాలు, మొదటి పది నిమిషాలు పెన్ను జవాబు మీద పెట్టకుండా కథలో ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు అన్నది వరుసగా రాసుకోవడం. రాశాక రంగు పెన్ను తీసుకుని హ్యారీ, మీరా పేర్లున్న వాక్యాల కింద గీత గీయి. సగం పేజీ గీత లేకుండా పోతే ఎక్కడ తప్పిందో నీకే కనిపిస్తుంది.

నాన్నగారికి ఈ భాగం చదివి వినిపించు. అయ్యా, అమ్మాయికి లా రాక కాదు మార్కులు తగ్గింది, రాసే పద్ధతి మారలేదంతే, అది ఒక టర్మ్‌లో సరిదిద్దుకోగలిగింది. వెనక్కి వచ్చి ఇక్కడ చేరినా ప్రాబ్లమ్ ప్రశ్నలు తప్పవు. అక్కడ సొలిసిటర్ కావాలంటే ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్ష మొదటి దశలోనే రెండు పేపర్లలో కలిపి 360 ప్రశ్నలుంటాయి, వాటిలో చాలావరకు చిన్న చిన్న కథలే, సరైన సలహా ఏదో గుర్తించాలి. కాబట్టి ఇప్పుడు నేర్చుకునేది పరీక్ష కోసం మాత్రమే కాదు. మీరు నిజంగా ఆలోచించాల్సింది వేరే ఉంది. అమ్మాయి రేపు ఇండియాలో ప్రాక్టీస్ చేయాలనుకుంటే బార్ కౌన్సిల్ ఆ యూనివర్సిటీకి గుర్తింపు ఉందా, ఇంటర్ తర్వాత చేసిన కోర్సు ఎన్నేళ్లు అన్నది చూస్తుంది, అర్హత పరీక్ష కూడా రాయాలి. ఆ సంగతి ఇప్పుడే బార్ కౌన్సిల్‌కు రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. నోటిమాటల మీద మూడేళ్ల ఫీజు పెట్టకండి.

నువ్వు ఈ వారం చేయాల్సింది ఒకటే, తల్లీ. ఆ 44 వచ్చిన పేపర్ బయటకు తీసి అదే ప్రశ్నకు జవాబు మళ్లీ రాయి, ఈసారి ఎనిమిది కేసులు దాటకుండా. రెండూ పట్టుకుని ట్యూటర్ ఆఫీస్ అవర్స్‌లో వెళ్లి కూర్చో. 'నాకు ఎందుకు తక్కువ వేశారు' అని అడగకు, 'ఈ పేరాలో అప్లికేషన్ సరిపోయిందా' అని వేలు పెట్టి చూపించి అడుగు. మనకు టీచర్ దగ్గరికి వెళ్లి అడగడం మొహమాటం, అక్కడ ఆ గంట పెట్టిందే నీలాంటివాళ్ల కోసం.