మంచు బొమ్మ మీద నువ్వు రాసింది చదివాను

నల్లగొండ

బిడ్డా,

నెదర్లాండ్స్ చిత్రకారుడు బ్రూగెల్ 1565లో వేసిన ‘మంచులో వేటగాళ్లు’ బొమ్మ మీద నీ వ్యాసం అందింది. నీ భాష బాగుంది. కానీ మొదటి పేరాలోనే ‘పల్లె ప్రశాంతత, ప్రకృతి అందం’ అని తేల్చేశావు. బొమ్మ పూర్తిగా చూడకముందే అర్థం చెప్పేశావు. నా పేచీ అక్కడే.

ముందు ఎడమ పక్క చూడు. ముగ్గురు వేటగాళ్లు మనకు వీపు పెట్టి నడుస్తున్నారు. వెంట బోలెడు కుక్కలు, తలలు వాల్చుకుని. ఇంతమంది పోతే దొరికింది ఒక్క నక్క, అదీ బక్కది. పక్కన పూటకూళ్ల ఇంటి బోర్డు ఒక కొక్కెం ఊడి వంకరగా వేలాడుతోంది. దాని కింద మంట చుట్టూ ఉన్నవాళ్లు తమ పనిలో తామున్నారు. దూరంగా, పల్లంలో, గడ్డకట్టిన చెరువుల మీద జనం ఆడుకుంటున్నారు. ఆకలి, ఆట రెండూ ఒకే పలక మీద ఉన్నాయి. నువ్వు రెండోదే చూశావు.

‘మనుషులు నీడల్లా ఉన్నారు, సహజంగా లేరు’ అని లోపం ఎంచినట్టు రాశావు. అది లోపం కాదమ్మా, ఆయన కావాలని చేసిందే. వేటగాళ్ల ముఖాలు కనిపిస్తే మన చూపు వాటి మీదే ఉండేది. ముఖాలు దాచాడు కాబట్టే నడకలోని అలసట కనబడుతోంది. ఆకాశానికీ, గడ్డకట్టిన నీళ్లకూ దాదాపు ఒకే రంగు, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు వేశాడు. పైకి చూసినా కిందికి చూసినా చలే. ఇంకోటి, ఆయన ఉన్న దేశం పల్లపు నేల, బొమ్మలో దూరంగా కనిపించే అలాంటి కొండలు అక్కడ లేవు. ఇటలీ ప్రయాణంలో చూసిన ఆల్ప్స్ కొండలను తెచ్చి ఆ పల్లె వెనక నిలబెట్టాడు. కాలాల మీద వేసిన బొమ్మల వరుసలో ఇదొకటి. ఏదో ఒక ఊరిని కాదు, చలికాలాన్నే వేయాలనుకున్నాడు. బొమ్మ సహజంగా లేదనిపించిన ప్రతిచోటా ఆగి, ఎందుకు మార్చాడో అడుగు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

మంచు ఎన్నడూ చూడనిదాన్ని, నేను రాయొచ్చా అని అడిగావు. నిక్షేపంగా రాయొచ్చు. చలికాలం పొద్దున మన పత్తి చేలల్లో తడి ఆరేదాకా ఎందుకు ఆగుతారో నీకు తెలుసు. తడి పత్తి మార్కెట్‌కు పోతే తేమ ఉందని రేటు కోస్తారు. పాలమూరు బస్టాండులో వలస నుంచి తిరిగొచ్చి దిగేవాళ్ల నడకా నీకు తెలుసు. ఆ ఎరుకతోనే వేటగాళ్ల వీపులు చూడు. అలాగని పాలమూరును తీసుకుపోయి బొమ్మలో పెట్టకు. రాసేది బొమ్మలో ఉన్నదే కావాలి.

‘రేపు వసంతం వస్తుంది’ అనే ఆఖరి పేరా కొట్టెయ్. బొమ్మలో అది లేదు. కుడివైపు వంతెన మీద కట్టెలమోపు మోసుకుపోయే మనిషి ఉంది, ఆమె గురించి ఒక్క మాట రాయలేదు నువ్వు. చూసి, తిరగరాసి, సంక్రాంతిలోపు పంపు.