జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో సోషల్ వర్కర్ ఉద్యోగం ఎలా ఉంటుంది? ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసినవాళ్ళు చేరొచ్చా?

ఎంఎస్‌డబ్ల్యూ ఈ ఏడాదితో అయిపోతోంది, ఈ పోస్టుకి అప్లై చేయొచ్చా, పని ఎలా ఉంటుంది, జీతం చాలుతుందా అని అడిగారు. మాది ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఆ పోస్టులోనే కొన్నేళ్ళు చేశాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. ఉద్యోగంలో చేరడానికి డిగ్రీ కావాలి. చేరాక కావలసింది మాత్రం ఏ కాగితం ఏ ఆఫీసులో పుడుతుందో తెలియడం. నన్నడిగితే ఎంఎస్‌డబ్ల్యూ గోల్డ్ మెడలిస్టు కంటే నెట్ సెంటర్లో రెండేళ్ళు ఫారాలు నింపినవాడు ఈ పని బాగా చేస్తాడు. కోపం వచ్చినా సరే, నా అభిప్రాయం ఇదే.

మా జిల్లాలోనే కాశీనగర్ వైపు వంశధార నది పక్కన ఒక ఊరు. పిల్లవాడికి తండ్రి లేడు. తల్లి విశాఖలో కూలి పనికి వెళ్ళింది. వాడు మామ్మ దగ్గర ఉండి బడికి వెళ్తున్నాడు. ఇలాంటి పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర బాలల సంరక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్ (పెంపకానికి నెలనెలా ఇచ్చే సాయం) వస్తే నెలకు 4,000 అందుతుంది. పల్లెటూళ్ళో అయితే కుటుంబం ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. ముందు మనం ఇంటికి వెళ్ళి సామాజిక దర్యాప్తు నివేదిక రాయాలి. దానికి ఫారం 22 అని ఒకటుంది. ఇంట్లో ఎవరిమీదైనా కేసులున్నాయా, మొగుడూ పెళ్ళాం ఎలా ఉండేవారు, పిల్లవాడి అలవాట్లేమిటి, అన్నీ అందులో రాయాలి. కొడుకును పోగొట్టుకున్న మనిషిని వచ్చీరాగానే ఇవన్నీ అడుగుతామా? నేనైతే ఫారం బ్యాగులోంచి తీయకుండానే ముందు కాసేపు కూర్చునేదాన్ని.

ఆ మామ్మ నన్ను చాప మీద కూర్చోబెట్టి, దూలానికి వేలాడుతున్న చీరల షాపు కవరు దించింది. 2018లో తిత్లీ తుపానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చాయట, అప్పటినుంచి కాగితాలు కింద పెట్టడం మానేసింది. ఆ కవర్లో ఇంకో కవరు. అందులో రేషన్ కార్డు, ఆధార్లు, పిల్లవాడి టీకాల కార్డు, కరెంటు బిల్లులు, ఎప్పుడిదో పురుగుమందుల షాపు రసీదు. ఆవిడకు చదువు రాదు. అందుకని రబ్బరు స్టాంపు ఉన్న కాగితం ఒక్కటీ పారేయలేదు. కొడుకు డెత్ సర్టిఫికెట్‌కి మాత్రం లామినేషన్ చేయించింది. దాన్ని కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

“మావోడు ఆంధ్రా ఆస్పత్రిలో పోనాడమ్మా. ఈ కాయితం ఇక్కడ సెల్లదంట. ఇంకేటి తెమ్మంటారు?”

చెల్లదని చెప్పింది ఒక ఆఫీసు గుమాస్తా. అది వేరే రాష్ట్రానిది, మీ పంచాయతీ నుంచి ఇంకోటి తెచ్చుకో అన్నాడట. ఆవిడ నెలల తరబడి పంచాయతీ చుట్టూ తిరిగింది, కూలి మానుకుని మరీ. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. మనిషి ఎక్కడ పోతే అక్కడే నమోదు, అక్కడిచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. ఆ మామ్మను తిప్పింది అసలు ఎవరూ ఇవ్వలేని కాగితం కోసం! నేను వెళ్ళి చెప్తే “మీరు కొత్తగా వచ్చారు మేడమ్, మీకు తెలీదు” అన్నాడు. మర్నాడు చట్టంలో ఆ పేజీ ప్రింటు తీయించి ఫైలు మీద పెట్టాను. మారుమాట్లాడకుండా తీసుకున్నాడు. ఈ కిటుకు ఏ కాలేజీలోనూ చెప్పరు.

తర్వాత బ్యాంకు. మైనరు ఖాతాకి తల్లి సంతకం కావాలి, మామ్మ వేలిముద్ర కుదరదన్నారు. విశాఖ నుంచి రావాలంటే ఛార్జీలు, పోయిన కూలి. సంక్రాంతికి ఎలాగూ వస్తుంది కదాని ఆగి, సెలవుల మధ్య బ్యాంకు తెరిచిన రోజు చూసుకుని తీసుకెళ్ళాను. ఆపైన ఈ సాయం మంజూరు చేయడానికి కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ కూర్చోవాలి. అది ఒక పట్టాన కూర్చోదు. మొత్తానికి డబ్బు పడింది, కానీ అప్పటికి పిల్లవాడు పై క్లాసుకి వెళ్ళిపోయాడు.

ఈలోగా పైనుంచి వచ్చే పనులు చూడండి. బాల్యవివాహాల మీద ర్యాలీ, బ్యానరు, ఫొటో, ఆ ఫొటో గ్రూపులో పెట్టడం. ర్యాలీ ఇక్కడ జరుగుతుంటే పెళ్ళి ఏటికి అవతల గుడిలో అయిపోతుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే చట్టం, అమ్మాయికి 18, అబ్బాయికి 21. అయినా ఇవతలివాళ్ళు అది ఆంధ్రా అంటారు, అవతలివాళ్ళు పిల్ల ఒడిశాది అంటారు. బ్యానర్లకు పెట్టే డబ్బు పెట్రోలుకిస్తే సగం పెళ్ళిళ్ళు ఆగుతాయని నా నమ్మకం.

ఇంకోటి, భాష. బయటినుంచి వచ్చినవాళ్ళు ఒడియాలో అడిగితే తెలుగు మాట్లాడే కాశీనగర్ ముసలమ్మలు అన్నిటికీ తలూపుతారు, అదే రిపోర్టులో ఎక్కుతుంది. మా జిల్లాలోనే గుమ్మ, సెరంగ వైపు వెళ్తే నా పరిస్థితీ అంతే, అక్కడ గిరిజనుల సవర భాష. ఆశా కార్యకర్త పక్కన లేకపోతే నేను ఒక్క ముక్క రాయలేకపోయేదాన్ని. ఈ పోస్టులు ఆ బ్లాకు వాళ్ళకే ఇవ్వాలని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

జీతం అడిగారు కదా. మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో సోషల్ వర్కర్‌కి నెలకు 18,536, ఔట్‌రీచ్ వర్కర్‌కి 10,592. కాంట్రాక్టు ఉద్యోగం. సొంతిల్లు ఉంటే గడుస్తుంది. అద్దెకుండి, ఇంటికి పంపాలంటే కష్టం. బండి మాత్రం ఉండాలి, పెట్రోలు ముందు మన జేబులోంచే పోతుంది. ఒడిశా వైపు అప్లై చేస్తుంటే ఒడియా ఒక సబ్జెక్టుగా పాసైనట్టు చూపించమంటారు. మన తెలుగు మీడియం పిల్లలు చాలామంది ఆగిపోయేది అక్కడే. నోటిఫికేషన్ వచ్చాక కంగారు పడకుండా ఆ సర్టిఫికెట్ సంగతి ఇప్పుడే చూసుకోండి.