పంపుకెంతో చెప్పు, బిడ్డా

బిడ్డా,

ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉద్యోగంలో చేరావని, మంగళవారం రైతు వేదికలో పత్తి రైతులతో మొదటి మీటింగ్ అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఊరంతా చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

మైకు ముందే చూసుకో. కాగితం చూసి చదవకు.

నా భయమల్లా మందు మోతాదు గురించే. నా సర్వీసులో ఒకసారి పై ఆఫీసరు ఒకాయన వచ్చి గులాబీ రంగు పురుగు మీద గంటసేపు మాట్లాడారు. చదువుకేం తక్కువ లేదు, కానీ నోరు తెరిస్తే హెక్టార్లు, ఎకరాల్లో బతికేవాళ్ల ముందు! ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందు లీటరు నీటికి 2 మి.లీ. అన్నారు. తప్పేం లేదు, కాకపోతే రైతు భుజానికుండేది 16 లీటర్ల మందు కొట్టే పంపు, ఆయన లెక్క 'పంపుకెన్ని మూతలు' అని. సారు జీపెక్కగానే చెట్టు కింద తలా ఒక లెక్క మొదలైంది, ఒకాయన రెండు మూతలంటే ఇంకొకాయన 'మొండి పురుగు, నాలుగు పొయ్యి' అన్నాడు. నాలుగు పోసినాయన మిట్టమధ్యాహ్నం, మూతికి గుడ్డ కూడా లేకుండా కొట్టి చేనులోనే పడిపోయాడు. ఆయుష్షుండి బతికాడు. సారుకు ఆ సంగతి తెలియనే తెలియదు.

అందుకే పంపుకు 32 మి.లీ. అని చెప్పు. మూతలు కంపెనీకో సైజు, కొలగ్లాసు పట్టుకెళ్లి పోసి చూపించు, అదీ నీళ్లతోనే. అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు, అదొక మర్యాద. 'పెద్దాయనా, రేపు పంపులో ఎంత పోస్తావు?' అని అడుగు, అప్పుడు బయటపడుతుంది.

ఇంకోటి, పదకొండింటికి పెట్టావంటే వచ్చేది మగవాళ్లే. రేకులు విచ్చుకోక ముడుచుకుపోయిన గుడ్డి పూలు ముందు కంటపడేది కైకిలికి వెళ్లే ఆడవాళ్లకు, వాళ్లు పొద్దుగూకితే గానీ ఇంటికి రారు. వాళ్ల కోసం సాయంత్రం ఇంకో మీటింగ్ పెట్టు, లేదా అన్నం తినే వేళకు చేను గట్టు మీదికే వెళ్లు. స్క్రీన్ మీద బొమ్మలెందుకు, నాలుగు గుడ్డి పూలు తెంపి చేతికిచ్చి విప్పమను, లోపల పురుగును వాళ్లే చూస్తారు. పట్టాదారుల పథకాలతో మొదలుపెట్టకు, కౌలు రైతులు లేచిపోతారు, నేనైనా లేచిపోతాను.

ఎంతమంది వచ్చారో నాకు చెప్పకు, ఏమేం అడిగారో చెప్పు. చిన్నప్పటిలా టిఫిన్ మానేసి పరుగెత్తకు. కొలగ్లాసు కొత్తది కొను, వంటింట్లోది తీసుకెళ్లావో, చూడు మరి!

మీ పెద్దనాన్న